అరవై డాలర్ల నయాగరా

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు కొత్త గణితం ఒకటి కనిపెట్టారు. ఏ యూనివర్సిటీలోనూ దాన్ని చెప్పరు. శుక్రవారం సాయంత్రం అయిదుగురు ఒక అద్దె కారులో బయల్దేరతారు. ఆదివారం అర్ధరాత్రికి గూటికి చేరతారు. సోమవారం పొద్దున క్లాసులో కునికిపాట్లు పడుతూనే రీల్ ఒకటి వదులుతారు. వెనక జలపాతం, ముందు అయిదు మొహాలు, పైన పసుపుపచ్చ అక్షరాల్లో అంకె: "అరవై డాలర్లలో నయాగరా! బడ్జెట్ ట్రిప్ అంటే ఇదీ!"

ఆ రీల్ తిరుపతి భవానీనగర్‌లో, చిత్తూరు మిట్టూరులో, పలమనేరు సంతలో చేతులు మారుతుంది. చూసినవాళ్ళంతా "అరవైయ్యేనా!" అని నోరు తెరుస్తారు తప్ప, ఆ అరవైలో ఏముందో ఏం లేదో అడిగినవాడు లేడు. అడగడం మర్యాద కాదు గదా. నాకు మర్యాద కాస్త తక్కువ.

ఇదేదో ఒకరిద్దరి సరదా అనుకోకండి. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో సగానికి పైగా మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళేనని హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ అధికారులే చెప్పారు. ఈ లెక్కన ఒక్కో శుక్రవారం ఎన్ని అద్దె కార్లు రోడ్డెక్కుతాయో, ఎన్ని మోటెల్ గదులు కిక్కిరుస్తాయో ఊహించుకోవచ్చు. మన ఊళ్ళలో కన్సల్టెన్సీల ఫ్లెక్సీల మీద మంచులో నిలబడి నవ్వేది ఈ పిల్లలే. వాళ్ళేం చదువుతున్నారో రాయడానికి మాత్రం ఆ ఫ్లెక్సీలో చోటు చాలదు.

సరే, అరవైకి వద్దాం. అందులో పెట్రోలు వాటా ఉంది, గది వాటా ఉంది, పార్కింగ్ ఉంది. నయాగరా చూడ్డానికి టికెట్టు లేదు. 1885 నుంచీ అది న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ పార్కు, అమెరికాలోని స్టేట్ పార్కుల్లో అన్నిటికంటే పాతది. రెయిలింగు పట్టుకుని ఎంతసేపు నిలబడినా పైసా అడగరు. పడవెక్కి జలపాతం కిందికి పోవాలంటే మాత్రం టికెట్టు కొనాలి. బడ్జెట్ అనే మాట అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చేది అక్కడే. అయిదుగురిలో ఇద్దరు పడవెక్కుతారు, ముగ్గురు గట్టు మీద నిలబడి వీడియో తీస్తారు. పడవలో ఇచ్చే నీలం రంగు ప్లాస్టిక్ కోటును ఆ ఇద్దరూ మడిచి పట్టుకొస్తారు. దాన్ని వంతులవారీగా అయిదుగురూ తొడుక్కుని, తడిసినట్టు కనబడ్డానికి సీసాలో నీళ్ళు నెత్తిన చల్లుకుని ఫొటో దిగుతారు. గుర్రపునాడా ఆకారంలో ఉండే పెద్ద జలపాతం నిండుగా కనబడేది కెనడా గట్టు నుంచి. వంతెన దాటితే కెనడానే, కానీ దానికి ఇంకో వీసా కావాలి. అందుకే రీల్‌లో "అమెరికా సైడ్ వ్యూ వేరే లెవెల్ బ్రో" అని ఉంటుంది.

ఇక గది. ఇద్దరి పేరున బుక్ చేస్తారు. ఇద్దరు ముందు తలుపులోంచి దర్జాగా నడిచి వెళ్ళి తాళం తీసుకుంటారు. పది నిమిషాలాగి మిగిలిన ముగ్గురు పక్క తలుపులోంచి, ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు నటిస్తూ జారుకుంటారు. అమెరికాలో మోటెళ్ళు చాలావరకు గుజరాతీల చేతుల్లో ఉన్నాయి. కౌంటర్లో కూర్చున్న పెద్దాయన ముప్పై ఏళ్ళుగా ఈ ఫోన్ నటన చూస్తూనే ఉన్నాడు. చూడనట్టు తల వంచుకుంటాడు. పొద్దున ఇద్దరికని పెట్టిన ఉచిత టిఫిన్లో అయిదుగురు తింటారు. మధ్యాహ్నానికని నాలుగు ఆపిల్ పండ్లు, మఫిన్లు, పెరుగు డబ్బాలు సంచిలో పడతాయి. ఆ పెద్దాయన తల వంచుకున్నందుకు ధర ఎంతో అరవైలో ఎక్కడా లేదు.

తిండి ఖర్చు సున్నా అంటారు. సున్నా ఎందుకవుతుంది? డిక్కీలో కుక్కరుంది. కుక్కరు పక్కన మూడుసార్లు ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేసిన డబ్బాల్లో చెనిక్కాయల పొడి, గోంగూర ఊరగాయ, చింతకాయ తొక్కు ఉన్నాయి. ఎవరో ఊరి నుంచి వస్తుంటే, వాళ్ళ పెట్టెలో రెండు కిలోల చోటు కోసం నాలుగు రోజులు వెంటపడి అమ్మ పంపించినవి. వాటిని ఎండబెట్టి, దంచి, చెన్నై విమానాశ్రయం దాకా మోసుకెళ్ళి ఇచ్చింది నాయన. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రెండు డాలర్ల కాఫీకి కూడా ఒక వరుస ఉంటుంది. ఎవడు తాగాడు, ఎవడు తాగలేదు, ఎవడు ఎవడికి నలభై సెంట్లు బాకీ అన్నీ తేలతాయి. చెనిక్కాయల పొడికి వరుస లేదు.

కారు సంగతి దగ్గర కాసేపు నవ్వు ఆపాలి. పాతికేళ్ళు నిండని వాడికి కారు అద్దెకిస్తే చాలా కంపెనీలు రోజుకింత అని అదనంగా వసూలు చేస్తాయి. రెండో డ్రైవరు పేరు రాయించాలన్నా చాలాచోట్ల అదనమే. అందుకని గుంపులో పాతికేళ్ళు దాటిన అన్నయ్య ఒకడి పేరు మీద కారు తీసి, అందరూ మార్చి మార్చి నడుపుతారు. కాంట్రాక్టులో పేరు లేనివాడు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. ఇన్సూరెన్స్ అసలు తీసుకుంటే గదా అంటారా? అదీ నిజమే. కౌంటర్లో దాన్ని వద్దని చెప్పి, అద్దానికి వేలాడదీసిన చిన్న వెంకన్న బొమ్మకు దండం పెట్టి బయల్దేరతారు. అంతకంటే పెద్ద పొదుపు ఇంకొకటుంది. రాత్రంతా బండి నడిపితే ఒక రాత్రి గది ఖర్చు మిగులుతుంది. వారమంతా నిద్రలేని పిల్లలు, అలవాటు లేని మంచు రోడ్లు, తెల్లవారుజామున మూడు గంటలు, వెనక సీట్లో ముగ్గురు నిద్రలో. అమెరికా రోడ్డు ప్రమాదంలో తెలుగు విద్యార్థుల మృతి అనే వార్త మన పేపర్లలో ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. అక్కడి తెలుగు సంఘాలు చందాలు పోగుచేసి, కాగితాలు తయారుచేసి, శవపేటికను విమానం ఎక్కించడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా ఆ వార్తల్లోనే ఉంటుంది. బడ్జెట్ ట్రిప్ రీళ్ళలో రాత్రి ప్రయాణాన్ని చిట్కా నంబర్ వన్‌గా చెప్పేవాళ్ళను నేను వ్యంగ్యంగా తిట్టలేను. నేరుగానే తిడతాను.

మళ్ళీ లెక్కకు వద్దాం. ముప్పై లక్షల చదువు అప్పు, పదకొండు శాతం వడ్డీ అనుకోండి, మన వైపు ఇది పెద్ద అప్పేం కాదు. ఏడాదికి 3,30,000 వడ్డీ. రోజుకు తొమ్మిది వందల పైమాట. వడ్డీకి శనివారం లేదు, ఆదివారం లేదు, లాంగ్ వీకెండ్ అసలు లేదు. మనవాడు జలపాతం ముందు రెండు వేళ్ళు చూపించి నవ్వే ఆ రెండు రోజుల్లో చిత్తూరు బ్యాంకు శాఖలో 1,800 రూపాయలు చప్పుడు చేయకుండా పెరిగింది. వీసా ఫీజు 185 డాలర్లు, విద్యార్థిగా నమోదు కోసం దానికి ముందు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, అంటే ఆ దేశం గేటు ముందు నిలబడ్డానికే 535 డాలర్లు. అరవై డాలర్ల నయాగరాకు దారి ఆ గేటులోంచే.

సోమవారం ఇంటికి ఫోన్ వస్తుంది.

"మా, నయాగరా చూసొచ్చినాం. మనిషికి అరవై డాలర్లే అయింది మా!"

"అరవై అంటే మన దుడ్లు ఎంత నాయినా?"

"మన దుడ్లలో చూడొద్దు మా. అట్ల చూస్తే ఈడ బతకలేం."

"సరేలే నాయినా. బ్యాంకోళ్ళు మన దుడ్లలోనే చూస్తా ఉండారు గదా, అందుకని అడిగినా."

ఆ అమ్మ మనసులో లెక్క డాలర్లలో నడవదు, రూపాయల్లోనూ నడవదు. ఇంటికి ఆధారం మామిడితోట కాబట్టి మామిడికాయల్లో నడుస్తుంది. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. చివరికి కిలోకు 12 రూపాయలని తేల్చారు, ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ పన్నెండూ పూర్తిగా చేతికొచ్చిందనే అనుకుందాం. ఆ ఏడాది చివర్లో అరవై డాలర్లంటే అయిదు వేల మూడు వందల చిల్లర. దాదాపు 440 కిలోల కాయలు. కోసి, మోసి, ట్రాక్టర్ మీద వేసి, ఎండలో క్యూలో నిలబెట్టి అమ్మిన 440 కిలోలు. కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ అందులోంచి తీయలేదు. మన పిల్లల పద్ధతిలోనే లెక్కేశాను.

ఇందులో నాకు బాగా నచ్చే మలుపు పిట్స్‌బర్గ్. నయాగరా వెళ్ళే దారిలోనో వచ్చే దారిలోనో చాలామంది అక్కడ ఆగుతారు. 1970ల్లో, తిరుమల తిరుపతి దేవస్థానాల తోడ్పాటుతో, తిరుమల గుడి పోలికలో కట్టిన వేంకటేశ్వరాలయం అక్కడ ఉంది. కొండ మీద ఉంటుంది, పులిహోర దొరుకుతుంది. ఆ పులిహోర కోసం నాలుగు గంటలు అదనంగా నడిపేవాళ్ళున్నారు. నాకు తెలిసిన అబ్బాయి ఒకడు తిరుపతిలో కొర్లగుంటలో పుట్టి, కొండను రోజూ కిటికీలోంచి చూస్తూ ఇంజనీరింగ్ వరకూ చదివాడు. అలిపిరి మెట్లు మూడు వేల అయిదు వందల యాభై ఎక్కమంటే "మోకాళ్ళు నొప్పి" అన్నాడు. వాడు పిట్స్‌బర్గ్ గుడి పార్కింగ్‌లో నిలబడి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "స్వామి నన్ను ఇంతదూరం పిలిపించుకున్నాడు" అని రాశాడు. స్వామికి పని లేకపోలేదు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాణ్ణి చూడాలంటే పదమూడు వేల కిలోమీటర్లకు పైగా తిప్పి పిలవాల్సి వచ్చింది.

జలపాతమూ అంతే. తలకోన మన దగ్గరే, ఎర్రావారిపాలెం మండలంలో, అడవి మధ్యన, 270 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. నయాగరా ఎత్తు రెండు వందల అడుగుల్లోపే. నీళ్ళ పరిమాణం పక్కన పెట్టండి, అందులో మన తలకోన నయాగరా ముందు నిలవదు, ఎండాకాలంలో అయితే తలకోన తనే తనకు కనబడదు. ఎత్తు సంగతి మాత్రం పోటీ పరీక్షల్లో అడగదగ్గ ప్రశ్న. తలకోనకు తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సు టికెట్టు ఎంతో కూడా కనుక్కోకుండా నయాగరా పార్కింగ్ ధర పెన్నీలతో సహా చెప్పే పిల్లలను తయారుచేసింది మనమే. జలపాతం అంటే విదేశంలో, అడవి అంటే దొంగలూ పాములూ అని చెప్పి పెంచాం.

పాతకాలపు యాత్రికుడి లెక్క ఎలా ఉండేదో చూడండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి తిరుపతి మీదుగా కాశీకి వెళ్ళాడు. నూరు మందికి పైగా పరివారం. బడ్జెట్ ట్రిప్ అని ఎవరూ అనరు. అయినా ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే పల్లకీ మోసిన బోయీలు పేజీల నిండా కనబడతారు. ఏ వాగు దగ్గర ఎంత కష్టపడ్డారు, ఏ ఘాటు ఎలా ఎక్కించారు, వాళ్ళ తిండికి ఏ మజిలీలో ఏం దొరికింది, అన్నీ రాసుకున్నాడు. తను నడవలేదనీ, తనను మోశారనీ దాచుకోలేదు.

నిజమైన బడ్జెట్ ట్రిప్ చూడాలంటే తమిళుల పెరటాసి నెలలో చిత్తూరు నుంచి చంద్రగిరి దాకా రోడ్డు పక్కన నిలబడండి. తమిళనాడు ఊళ్ళ నుంచి పసుపుబట్టలు కట్టుకుని గుంపులు గుంపులుగా నడిచి వస్తుంటారు. నెత్తిన మూట, చేతిలో సీసా, కాళ్ళకు పాతగుడ్డ చుట్టుకున్న ముసలమ్మ. చెట్టు కింద పడుకుంటారు, రోడ్డు పక్కన మూడు రాళ్ళు పెట్టి గంజి కాచుకుంటారు. శ్రీవారి మెట్టు దగ్గరికొచ్చి 2,388 మెట్లు ఎక్కుతారు. క్యూలో గంటల తరబడి నిలబడి ఉచిత దర్శనం చేసుకుని, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చుని తింటారు. రైలెక్కి తిరిగిపోతారు. "మేం ఇంతలో చేసొచ్చాం, మీరెందుకు చేయలేరు?" అని ఆ ముసలమ్మ ఎవరికీ పాఠం చెప్పదు.

తిరుమలలో ఉచిత భోజనం 1985లో మొదలైంది. ఉచితం అంటే ఎవరూ కట్టలేదని కాదు, కట్టిందెవరో అక్కడ బాహాటంగా చెబుతారు. ఒక రోజంతా అన్నప్రసాదానికి విరాళం ఇప్పుడు 44 లక్షలు. ఇచ్చినవాళ్ళ పేరు ఆ రోజు భవనంలో తెర మీద వేస్తారు. నువ్వు తింటున్న అన్నం ఫలానా వాళ్ళు పెట్టింది అని ఆకు ముందు కూర్చున్న ప్రతివాడికీ కనబడుతుంది. మన అరవై డాలర్ల రీల్‌కూ ఆ భవనానికీ తేడా ఇంతే. భవనంలో దాత పేరు పైన ఉంటుంది. రీల్‌లో దాత పేరు ఉండదు, తిన్నవాడి తెలివి ఉంటుంది.

పిల్లల తరఫున వాదన నాకు తెలియక కాదు. వారమంతా క్లాసులు, అసైన్‌మెంట్లు. చట్టం ప్రకారం సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు, అదీ క్యాంపస్‌లోనే. లైబ్రరీలో పుస్తకాలు సర్దో, క్యాంటీన్లో ప్లేట్లు కడిగో వచ్చేది గది అద్దెకు సరిపోదు. ఉద్యోగం వస్తుందో రాదో, వీసా నిబంధన రేపు ఏం మారుతుందో తెలియదు. రెండు రోజులు ఆ గదిలోంచి బయటపడి నీళ్ళ చప్పుడు వినొద్దా? వినాలి. తప్పకుండా వినాలి. వెళ్ళడం మీద నాకు పేచీ లేదు, కక్కుర్తి పడి వెళ్ళడం మీద కూడా లేదు. చదువుకునే వయసులో కక్కుర్తి పడకపోతే ఇంకెప్పుడు పడతారు? ఇంట్లోవాళ్ళ నెత్తిన, మోటెల్ పెద్దాయన నెత్తిన, పేరిచ్చిన అన్నయ్య నెత్తిన పెట్టిన బరువును తీసేసి, మిగిలిన అంకెను తమ తెలివి అని చాటుకోవడం మీదే నా పేచీ.

పెద్దవాళ్ళను కూడా ఊరికే వదలను. ఆ రీల్‌ను టీ బంకు దగ్గర పదిమందికి చూపించి "మావోడు అరవై డాలర్లకే చూసొచ్చినాడు" అని మురిసేది నాయనే. తోట మీద తెచ్చిన అప్పు సంగతి ఆ పదిమందికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆ సాయంత్రమే అందులో ఇద్దరు తమ పిల్లల కోసం కన్సల్టెన్సీ మెట్లెక్కుతారు. ఫ్లెక్సీకి కొత్త మొహాలు దొరుకుతాయి.

కాబట్టి పిల్లలూ, ఈసారి కూడా వెళ్ళండి, రీల్ కూడా పెట్టండి. అంకె కింద ఇంకో వరుస చేర్చండి చాలు. దాత పేరు, ఊరు, ఎన్ని కిలోల కాయలు. ఆ అరవైకి ఇంకో నలభై కలిపి, రాత్రి గదిలో పడుకుని, తెల్లారాక బండి తీయండి. ఆ నలభై మన దుడ్లలో ఎంతని మీ అమ్మ అడగదు.